నత్తి: భయం కారణం కాదు
గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో మూడేళ్ల పిల్లాడికి మాట తడబడితే కారణం చెప్పేవాళ్లకు కొదవ ఉండదు. కుక్కను చూసి జడుసుకున్నాడంటారు, నత్తి ఉన్నవాణ్ని వెక్కిరించాడంటారు, నాలుక కింద నరం పొట్టిదంటారు. అమ్మానాన్నలు వలసపోతే అవ్వాతాతల దగ్గర బెంగపెట్టుకున్నాడంటారు. గద్వాల వైపైతే ఇంట్లో తెలుగు, రాయచూరు చుట్టాలతో కన్నడం, బజార్లో ఉర్దూ కలగలిసి నోరు తికమకపడిందంటారు. ఇన్ని మాటలూ ఏదో ఒక సంఘటన మీదనో మనిషి మీదనో, చాలాసార్లు తల్లి మీదనో తప్పు వేస్తాయి. నత్తికి మూలం బయట లేదు. మాటను నడిపించే మెదడు నిర్మాణంలో ఉంది, అందులో వంశపారంపర్యం పాలు పెద్దది.

మరి ఈ నమ్మకాలు ఎందుకు నిలిచాయి? నత్తి ఎక్కువగా రెండు నుంచి ఐదేళ్ల మధ్య, పిల్లలు వాక్యాలు కట్టడం నేర్చే రోజుల్లో మొదలవుతుంది. ఆ వయసులో కుక్కను చూసి బెదరని పిల్లలు ఎవరు? వెనక్కి తిరిగి వెతికితే ఏదో ఒక భయం దొరికి తీరుతుంది. ఇక మందుల సంగతి. పిల్లల్లో ఐదు శాతానికి పైగా కొంతకాలం నత్తిగా మాట్లాడతారు, వాళ్లలో నూటికి డెబ్బై ఐదుగురికి పైగా క్రమంగా మానిపోతుంది. పెద్దల్లో మిగిలేది సుమారు ఒక శాతమే. అలాంటప్పుడు వసకొమ్ము అరగదీసి నాకించినా, తాయెత్తు కట్టినా పేరు దానికే వస్తుంది. ఇక నాలుక నరం మాట. నాలుకదే తప్పయితే పాటలో కూడా మాట ఆగాలి. ఆగదు, నత్తి ఉన్నవాళ్లు చాలామంది తడబడకుండా పాడతారు. 1841లో జర్మన్ సర్జన్ డీఫెన్‌బాఖ్ నత్తి పోతుందని నాలుక కండరాన్నే కోసి చూశాడు. రోగులకు బాధ మిగిలింది, ఆ పద్ధతి మూలన పడింది.

వంశపారంపర్యానికి సాక్ష్యాలున్నాయి. ఒకే పోలిక కవలల్లో ఒకరికి నత్తి ఉంటే రెండోవారికీ ఉండే అవకాశం మామూలు కవలల్లో కంటే బాగా ఎక్కువ. 2010లో జన్యు శాస్త్రవేత్త డెన్నిస్ డ్రేనా బృందం పాకిస్తానీ కుటుంబాలతో మొదలుపెట్టి జీఎన్‌పీటీఏబీ తదితర మూడు జన్యువుల్లో మార్పులను గుర్తించింది. వాటిలో ఒకటి భారత మూలాలున్న మరికొందరిలోనూ కనిపించింది. ఆ పాకిస్తానీ కుటుంబాల్లో దగ్గరి పెళ్లిళ్లు ఎక్కువ. అయితే వాటివల్ల జన్యువుల జాడ పట్టడం సులువైంది, అంతే. మేనరికం నత్తి తెస్తుందని దీన్నిబట్టి అనలేం. ఈ మార్పులు నత్తి ఉన్నవారిలో కొద్దిమందికే ఉన్నాయి, మిగతావారి విషయంలో వెతుకులాట సాగుతోంది. మెదడు స్కానుల్లో మాత్రం ఎడమవైపు మాటకు సంబంధించిన భాగాలను కలిపే నరాల దారుల్లో తేడాలు పిల్లల్లోనూ కనిపించాయి.

ఇక్కడ గట్టి అభ్యంతరమే ఒకటి ఉంది. ఇంట్లో బాగానే మాట్లాడే పిల్లాడు సారు లేపి చదవమంటే ఆగిపోతాడు కదా, అది భయం కాదా? భయం నత్తిని పెంచుతుంది, పుట్టించదు. ఈ తేడాకు సాక్ష్యం ఒక చెడ్డ ప్రయోగంలో దొరికింది. తల్లిదండ్రులు తప్పుపట్టడమే నత్తిని పుట్టిస్తుందని అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో పరిశోధకుడు వెండెల్ జాన్సన్ నమ్మాడు. 1939లో ఆయన శిష్యురాలు మేరీ ట్యూడర్ అనాథ పిల్లలతో పనిచేసింది. మాట చక్కగా ఉన్న కొందరికి కూడా ‘నీకు నత్తి వస్తోంది’ అని చెప్పింది. ఆ వివరాలను 2002లో తిరిగి పరిశీలించిన పరిశోధకులు ఆంబ్రోస్, యైరీలకు నత్తి కొత్తగా పుట్టిందనే ఆధారం దొరకలేదు. పిల్లలు మాత్రం నోరు విప్పడానికి జంకారు. విశ్వవిద్యాలయం 2001లోనే క్షమాపణ చెప్పింది. తరగతిలో వెక్కిరింత చేసే పని కూడా ఇదే. మాట తడబడే పిల్లాణ్ని మూగవాణ్ని చేస్తుంది.

పుట్టుకతో వచ్చిందంటే ఇక చేసేదేమీ లేదా అంటే, ఉంది. దృష్టిలోపం కూడా పుట్టుకతో రావచ్చు, అయినా కళ్లద్దాలు పెట్టుకుంటాం. తడబాటు ఆరు నెలలు దాటినా, ఇంట్లో ఇంకొకరికి నత్తి ఉన్నా స్పీచ్ థెరపిస్టుకు చూపించాలి. బడి ఈడుకు ముందే మొదలైన శిక్షణ బాగా పనిచేస్తుంది. పిల్లల ఆరోగ్యాన్ని పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు రావాలి, అడగడం అక్కడే మొదలుపెట్టవచ్చు. దూరం వెళ్లగలిగితే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మాట, వినికిడి లోపాల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. అంతవరకు ఇంట్లో పాటించాల్సింది ఒకటే. వాడి వాక్యాన్ని వాడినే పూర్తి చేయనివ్వాలి.