‘సినిమా బండి’ చూసినవారు ఏమన్నారు?

ఒకే సినిమా మీద పదిమంది పది రకాలుగా మాట్లాడడం కొత్త సంగతి కాదు. ఆ మాటల్లో ఏది సినిమాను గురించినది, ఏది చూసినవారి చెవిని గురించినది అని విడదీసి చూసే అలవాటు మాత్రం మనకు తక్కువ. 2021 మే 14న నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైన ‘సినిమా బండి’ని మా విద్యార్థులతో కలిసి చూసినప్పుడు ఈ తేడా మాకు స్పష్టంగా కనిపించింది.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా. ఆంధ్ర, కర్ణాటక సరిహద్దులోని ఒక పల్లెలో వీరబాబు అనే ఆటో డ్రైవరుకు తన బండిలో ఎవరో మరచిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. దానితో ఒక ప్రేమకథ తీసి, వచ్చిన డబ్బుతో ఊరు బాగుచేయాలని అతని ఆశ. పెళ్లిళ్లకు ఫొటోలు తీసే గణపతి కెమెరామన్ అవుతాడు. మంగలి దుకాణం నడిపే మరిడేశు హీరో. హీరోయిన్‌గా కుదిరిన అమ్మాయి షూటింగు మధ్యలో తను ప్రేమించినవాడితో వెళ్లిపోతుంది! తెర మీది ప్రేమకథను అసలు ప్రేమకథ దెబ్బకొట్టిందన్నమాట. ఆమె స్థానంలోకి కూరగాయలమ్మే మంగ వస్తుంది. ముగింపు ఇక్కడ చెప్పం.

దర్శకుడు ప్రవీణ్ కండ్రేగులకు ఇది మొదటి సినిమా. నటులలో చాలామంది కొత్తవారు. నిర్మాతలు రాజ్, డి.కె. ఇద్దరూ తిరుపతి, చిత్తూరు ప్రాంతం నుంచి వచ్చినవారు. చిత్రీకరణ కోలారు జిల్లా ముళబాగిలు పరిసరాల్లో జరిగింది. బెంగళూరు నుంచి తిరుపతి దారిలో వెళ్లేవారికి ఆ ఊరు తెలుసు. పేరుకు కన్నడంలో తూర్పు వాకిలి అని అర్థం చెబుతారు. ఆ వాకిలికి ఇటూ అటూ కూడా తెలుగు ఉంది. పాత్రలు మాట్లాడేది ఆ తెలుగే.

ఇక అభిప్రాయాలు. కొందరికి సినిమా నిదానంగా అనిపించింది. కొందరికి ఆ నిదానమే నచ్చింది. దొరికిన వస్తువును సొంతదారుకు అప్పగించని మనిషిని మనం ఎందుకు మెచ్చుకోవాలి అని ఒక అమ్మాయి గట్టిగానే అడిగింది. ఇది న్యాయమైన ప్రశ్న. సినిమా కూడా దాన్ని దాటవేయలేదని మా అభిప్రాయం. నవ్వు విషయంలోనూ వాదన జరిగింది. పల్లెవాళ్లతో కలిసి నవ్వుతున్నామా, వాళ్లను చూసి నవ్వుతున్నామా? మంగ వచ్చిన తరువాతి సన్నివేశాల్లో మొదటిదే ఎక్కువని మాకు తోచింది. అందరూ ఒప్పుకోలేదు.

వీటన్నిటికన్నా ఎక్కువసేపు నడిచింది మాటతీరు మీది చర్చ. బరంపురం నుంచి వచ్చిన విద్యార్థి మొదటి అరగంట కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదువుతూ చూశానని, తరువాత వాటి అవసరం రాలేదని చెప్పాడు. యానాం అమ్మాయి సందేహం ఇంకా తమాషా అయినది. “వీళ్లంతా ఎందుకండీ ఇలా పోట్లాడుకుంటున్నారు?” అని అడిగింది. నిజానికి ఆ సన్నివేశంలో పోట్లాట ఏమీ లేదు. గోదావరి చెవికి వాక్యం చివర ‘అండీ’ వినపడకపోతే మర్యాద లేనట్టే ఉంటుంది. కోలారు వైపు ఆ పని ‘అన్నా’, ‘అప్పా’ వంటి పిలుపులు చేస్తాయి. మర్యాద ఉంది, అది ఉండే చోటు వేరు. ఈ సంగతి తెలియకపోతే ‘పాత్రలు మొరటుగా ఉన్నాయి’ అని రాసేస్తాం. అప్పుడు అది సినిమా మీద విమర్శ కాదు, మన చెవిని గురించిన సమాచారం.

సినిమా వచ్చిన కాలాన్ని కూడా గుర్తుంచుకోవాలి. అది కరోనా రెండో విడత ఉధృతంగా ఉన్న నెల. ఎవరింట్లో వారు కూర్చుని చూశారు. హాలులో అయితే మనకు అందని మాటకు పక్కవాడు నవ్వుతాడు, ఆ నవ్వును బట్టి మనకూ అర్థం అవుతుంది. ఒంటరిగా చూసేవాడికి ఆ సాయం లేదు. కొందరు ‘హాస్యం లేదు’ అనడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

శ్రీనివాసపురం వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థి మాత్రం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, “మా అవ్వ మాట్లాడేటట్లే ఉండాది సార్. ఈ మాటను నవ్వించే నౌకరు నోట్లో తప్ప సినిమాలో ఎప్పుడూ వినలేదు” అన్నాడు. ఆ తరువాత మేము మరచిపోయిన ఒక విషయం గుర్తుచేశాడు. కిందటేడు అతని జవాబు పత్రంలో ‘యాల’ అనే మాటను మాలో ఒకరం ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన ‘తప్పు’ అని రాశాం.

‘యాల’ అంటే ఎందుకు. పాత కావ్యాల్లో ‘ఏల’ అని చదువుతామే, ఆ మాటే ఇది. ‘యాడ’ కూడా అంతే, పాత ‘ఏడ’. వేపచెట్టును యాపచెట్టు అనే నోరు ‘ఏల’ను ‘యాల’ అనడంలో వింత లేదు. మిగతా చోట్ల వ్యవహారం నుంచి దాదాపు తప్పుకొని పద్యాల్లో మిగిలిన మాట ముళబాగిలు సంతలో ఇంకా బేరమాడుతోంది. దాన్ని పద్యంలో చూస్తే ప్రతిపదార్థం రాయిస్తాం, పిల్లవాడి కాగితంలో చూస్తే కొట్టేస్తాం. పరీక్షలో ప్రామాణిక భాష అడగడం అన్యాయం కాదు. ‘ఇక్కడ ఎందుకు అని రాయాలి’ అనడం వేరు, ‘తప్పు’ అనడం వేరు. మేము రాసింది రెండోది.

హోసూరు, బళ్లారి, పర్లాకిమిడి, నాందేడు పాఠకులు ఈ సినిమా చూసి అభిప్రాయం రాసేటప్పుడు ఎక్కడ ఆగవలసి వచ్చిందో, ఏ మాట అందలేదో, ఏ మాట ఇంట్లో విన్నదో కూడా రాయవలసిందిగా కోరుతున్నాం. కథ బాగుందా లేదా అన్నది రెండు వాక్యాల్లో సరిపోతుంది.

ఆ జవాబు పత్రాన్ని మళ్లీ తీయించాం. గీత చెరిపే వీలు లేదు. దాని పక్కన ‘ఏల: బ్రౌను నిఘంటువు చూడవలెను’ అని మాకోసమే రాసుకున్నాం.