ఎలుకల మందు

మా వడమాలపేటలో ఎలుకల మందు అంటే ఒకటే అర్థం: వేరుశనక్కాయలు ఇంటికి చేరాక బస్తాల సందున పెట్టేది. అందుచేత, తిరుపతి ఆస్పత్రిలో తనకు ఎక్కిస్తున్న మందులో ఎలుక భాగం కొంత వుందని విని మా వీధి చివరింటి అయ్యవారు "నాకొద్దు నాయనా, ఇంక నేను రాను" అని కూచున్నారంటే ఆయన్ను తప్పు పట్టడానికి లేదు. తప్పు నాది. ఆ మాట చెప్పినవాణ్ణి నేనే. పద్యాలు చెప్పుకునేవాడికి వైద్యం సంగతులెందుకని మా ఆవిడ అననే అన్నది.

అయ్యవారు ముప్ఫయ్యేళ్ళు పిల్లలకు లెక్కలు నేర్పి రిటైరయిన పెద్దమనిషి. ఆయన మెడ పక్కన ఉసిరికాయంత గడ్డ లేచింది. నొప్పి లేదు గనకనే మూడు నెలలు ఊరుకున్నారు. చెయ్యి విరిగి వుంటే పక్కనున్న పుత్తూరుకు పోయి కట్టు కట్టించుకుని వచ్చేవారు. దీనికి కట్టు లేదు. తిరుపతిలో ముక్క తీసి పరీక్షించి, లింఫోమా అన్నారు. బి-కణాలకు వచ్చే కాన్సరు.

మన రక్తంలోని తెల్లకణాలు పలు రకాలు. రోగక్రిమిని గుర్తుపట్టి దానికి తగిన ప్రతిరక్షకాలను తయారుచేసేవి బి-కణాలు. ఆ ‘బి’ అక్షరం కోడి పుణ్యమా అని వచ్చింది. కోడి తోక దగ్గర బర్సా అనే చిన్న సంచి వుంటుంది. ఈ కణాలు ముదిరేది అందులోనని మొదట తెలిసింది. (కోడి, ఎలుక! మన రోగాల కథ చెప్పబోతే పంచతంత్రం చెప్పినట్లే వుంటుంది.)

బి-కణంలో ప్రతిరక్షకాల జన్యువుకు నిద్ర లేదు. కణాన్ని రెండుగా చీలమని ఆజ్ఞాపించే జన్యువు మరొకటి వుంది. దాని పేరు మిక్. అది అవసరానికి పలికి, తక్కిన వేళల్లో ఊరుకోవాలి. 1958లో ఉగాండాలో పనిచేస్తున్న డెనిస్ బర్కిట్ అనే డాక్టరు, పిల్లల దవడలు ఉబ్బిపోయే ఒక కాన్సరును వర్ణించాడు. అందులో జరిగేదేమిటో 1982లో తేలింది. బైండింగు చేసేవాడు పరాకున రెండు పుస్తకాల పేజీలు కలిపి కుట్టినట్లు, చాలామంది రోగులలో ఎనిమిదో క్రోమోజోమునుంచి మిక్ వున్న ముక్క తెగి, పధ్నాలుగో దానిలో ప్రతిరక్షకాల జన్యువు పక్కన అతుక్కుని వుంది. పక్కవాడు నిద్రపోడు, వీణ్ణీ నిద్రపోనివ్వడు.

అయితే ఆ అతుకు రోగానికి కారణమా, రోగం ముదిరాక కనిపించే గుర్తా? రోగి కణాలను ఎంత పరీక్షించినా ఇది తేలదు. ఆరోగ్యంగా వున్న జీవిలో ఆ తప్పును పెట్టి చూడాలి. మనిషిలో పెట్టలేరు గదా!

ఆ పని 1985లో జరిగింది. ఆస్ట్రేలియాలో, మెల్బోర్న్ నగరంలోని వాల్టర్ అండ్ ఎలిజా హాల్ ఇన్‌స్టిట్యూటులో పనిచేస్తున్న జెర్రీ ఆడమ్స్, సుజాన్ కోరీ దంపతులు అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి చేశారు. అప్పుడే ఫలించిన చుంచెలుక అండాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, వెంట్రుకకంటె సన్నని గాజుసూదితో దానిలోకి ఆ అతుకుపడ్డ జన్యువును ఎక్కిస్తారు. తర్వాత దానిని మరో ఆడ ఎలుక గర్భంలో వుంచుతారు. సుమారు ఇరవై రోజులకు పిల్లలు పుడతాయి. అన్నిటికీ ఆ జన్యువు అంటదు. అంటినవాటిని చూస్తే మామూలు చుంచులే, తింటాయి, ఆడతాయి. కొద్ది నెలలు గడిచేసరికి వాటిలో చాలావాటికి గడ్డలు లేచాయి. అతుకే కారణమని తేలిపోయింది.

ఇది విని అయ్యవారు కళ్ళద్దాలు తీశారు. "తప్పు పుట్టుకతోనే ఉంటే రోగం పుట్టగానే రావల్ల గదా? నెలలు ఏంటికి పట్టింది?"

లెక్కలాయన గదా! శాస్త్రజ్ఞులనూ ఆపిన ప్రశ్న అదే. ఒక్క తప్పు చాలదు. మరో తప్పు తోడు కావాలి. అటువంటి తోడుదొంగల్లో ఒకటి బిసిఎల్-2. చావవలసిన కణాన్ని చావనివ్వకుండా కాపాడేది ఇదేనని 1988లో అదే సంస్థలో డేవిడ్ వో కనిపెట్టాడు. పెరగమనేది ఒకటి, చావవద్దనేది ఒకటి. 1990లో రెండు తప్పులూ వున్న చుంచెలుకలను పుట్టించి చూస్తే రోగం మరింత త్వరగా వచ్చింది. ఎక్కడ దెబ్బ కొట్టాలో తెలిసింది. బిసిఎల్-2ను అడ్డగించే వెనెటోక్లాక్స్ అనే మాత్రకు 2016లో అమెరికాలో ఒక రకం బి-కణాల రక్తకాన్సరుకు వాడటానికి అనుమతి లభించింది.

ఈ ఎలుకలు లేనినాడు ఎలా జరిగేదో మన తెలుగువాడి కథలోనే వుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సరు సోకిన పిల్లలకు ఇచ్చాడు. అంతకుముందు ఫోలిక్ ఆమ్లం జాతి పదార్థాలు ఇస్తే రోగం ఎక్కువైనట్లు కనిపించింది. అందుకే దానికి విరోధిని ప్రయోగించాడు. 1948 జూన్‌లో వెలువడిన నివేదిక ప్రకారం పదహారుమంది పిల్లల్లో పదిమందికి కొంతకాలం తగ్గింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు పోయారు. ఆ మందుకు తమ్ముడైన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో వుంది. కాని ఆ పాఠమంతా పసివాళ్ళ ఒంటిమీదే నేర్చుకోవలసి వచ్చింది.

ఎలుకకు తగ్గినదల్లా మనిషికి తగ్గుతుందని మాత్రం నేను చెప్పబోను. ముప్ఫై గ్రాముల ప్రాణి, రెండేళ్ళ ఆయుస్సు. పైగా ప్రయోగశాల చుంచెలుకలు చాలావరకు ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. మనం అలా లేము. రోగం కోసమే ఒక ప్రాణిని పుట్టించడం నా మనసుకు ఇప్పటికీ కొరుకుడు పడదు. మన దేశంలో ఇటువంటి ప్రయోగాలకు ముందు నైతిక సంఘం అనుమతి కావాలి. అయినా ఆ బాధ పూర్తిగా తీరేది కాదు.

ఇంతా చెప్పాక అసలు చిక్కు మిగిలే వుంది. అయ్యవారికి ఎక్కుతున్న మందు రిటుక్సిమాబ్. 1997లో అమెరికాలో అనుమతి పొందింది. 2007లో హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ వారు దానికి సాటి మందును తయారుచేసి మన మార్కెట్లోకి తెచ్చారు. బి-కణం మీద సిడి20 అనే గుర్తు వుంటుంది. దాన్ని పట్టుకునే కొన మాత్రం ఎలుక ప్రతిరక్షకం నమూనాది. తక్కిన పిడి మనిషిది.

"అయ్యవారూ, ఇది మిశ్రసమాసం. ఒక పదం వాళ్ళది, ఒక పదం మనది. ఇందులో ఎలుక రక్తమూ లేదు, మాంసమూ లేదు" అన్నాను.

"మిశ్రసమాసాలు తప్పని మా తెలుగు అయ్యవారు చెప్పేవాడే!"

"వాడుకలో నిలిచినవాటిని ఒప్పుకుంటారు."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. లోపలినుంచి వాళ్ళావిడ మజ్జిగ తెచ్చి నా ముందు పెట్టి, ఆయన మొహం వంక చూసి, నా వంక చూసి వెళ్ళిపోయింది.

"అయితే విషం కాదంటావు" అన్నారు చివరకు.

"కాదు."

సోమవారం తెల్లవారి నేను బస్సు ఆగేచోటికి వెళ్ళేసరికి ఆయన రిపోర్టుల సంచీ చంకన పెట్టుకుని అప్పటికే నిలబడి వున్నారు. ఆరోజు ఎక్కింది మూడో సీసా. ఇంకా మూడు వున్నాయి.