నేలతాడి

రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయని సామెత. ఆ కార్తెలో తిరువూరు పరిసరాల మెట్టభూములలో గడ్డిపోచ సైతం మాడిపోతుంది. తూర్పు కనుమల అడవులలోనూ కొండవాలులు బోసిపోతాయి. మృగశిరలో తొలకరి కురిసిన పిదప ఆ వాలులలో, చెట్లనీడన, నేలను అంటిపెట్టుకొని ఆరు రేకుల పసుపుపచ్చని పూలు నక్షత్రాలవలె విచ్చుకుంటాయి. అవి నేలతాడి పూలు.

రూపంలోనో గుణంలోనో ఒక వృక్షాన్ని పోలిన చిన్న మొక్కకు, ఆ వృక్షం పేరుకు ముందు ‘నేల’ అనే మాటను చేర్చి పిలవడం తెలుగువారి సంప్రదాయం. నేలవేము, నేలఉసిరి అట్లా ఏర్పడిన పేర్లే. ఈ మొక్క ఆకులు తాటిమొలక ఆకులవలె మడతలు కలిగి ఉంటాయి కనుక ఇది నేలతాడి అయింది. సంస్కృతంలో దీనిని తాలమూలి అంటారు. ఆ పేరులోని మూలమే ఈ మొక్కకు ప్రాణం.

నేలతాడికి భూమిలోకి నిలువుగా దిగిన దుంప ఉంటుంది. అది పైకి నల్లగా, లోపల తెల్లగా ఉంటుంది. వేసవిలో ఆకులు ఎండిపోయినా, దుంపలో దాచుకున్న ఆహారంతో మొక్క జీవించి ఉంటుంది. తొలకరి తడి తగలగానే చిగురిస్తుంది. ఉత్తర అమెరికాలోని రాకీ పర్వతాలలో గ్లేసియర్ లిల్లీ అనే పసుపుపూల మొక్క జీవితం కూడా ఇటువంటిదే. మంచు కప్పినంతకాలం దాని గడ్డ భూగర్భంలో నిద్రిస్తుంది. మంచు కరగగానే మొక్క పుష్పిస్తుంది. అక్కడ చలి, ఇక్కడ ఎండ. రెండింటికీ భూమాతే ఆశ్రయం.

నేలతాడి పూవులో మరొక విశేషం ఉంది. రేకులు నేలపైన కనిపిస్తాయి. కాయగా మారే అండాశయం మాత్రం ఆకుల మొదళ్ల మధ్య, మట్టిలోనే దాగి ఉంటుంది. నల్లని గింజలు అక్కడే పక్వమవుతాయి. కొన్నిసార్లు ఆకుకొన నేలను తాకి, వేరూని, కొత్త మొక్కగా మారుతుంది.

సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కలపై వెలువరించిన గ్రంథంలోని తొలి సంపుటంలో, 1795లోనే, దీని చిత్రానికి చోటు దక్కింది. ఆయుర్వేదంలో దీని దుంపను బలవర్ధకంగా వాడతారు. ఆ కీర్తియే దీనికి చేటు తెచ్చింది. ఆకు కోసిన మొక్క మళ్లీ చిగురిస్తుంది. దుంప తవ్విన మొక్కకు మరుసటి తొలకరి లేదు. గింజలు పక్వం కాకముందే తవ్వితే సంతతి కూడా మిగలదు. అందువల్ల పలుచోట్ల అడవులలో ఇది అరుదవుతున్నది.

దీనికి ఉపాయం లేకపోలేదు. మొలకకన్ను గల దుంపముక్కలను నాటి నేలతాడిని తోటలలో పెంచవచ్చు. మందుకు కావలసిన దుంపను సాగుచేసిన మడినుండి తీసుకుంటే, అడవిలోని దుంప వానకోసం వేచి ఉండగలుగుతుంది.