కాలేజీకి పోయే బిడ్డ ఏ భాషలో ప్రార్థన చేయాల?

సెకండ్ పీయూసీ ఫలితాలు వచ్చినాయంటే పావగడ తాలూకాలో చాలా ఇళ్లలో పెట్టెలు సర్దడం మొదలవుతుంది. ఒకరు మధుగిరి మీదుగా తుమకూరుకు, ఒకరు బెంగళూరుకు, ఇంకొకరు పొలిమేర దాటి హిందూపురానికో అనంతపురానికో పోతారు. ఫీజు, హాస్టలు, బస్‌పాసు అన్నీ లెక్క చూసుకుంటాం. క్రైస్తవ కుటుంబాల్లో ఇంకో దిగులు కూడా ఉంటుంది. అక్కడికి పోయినాక బిడ్డ ప్రార్థన చేసుకుంటాడా? ఆదివారం గుడికి పోతాడా?

చెడు స్నేహాలు, సెల్‌ఫోను పిల్లల్ని పాడు చేస్తాయని పెద్దలు అంటారు. అవి అన్ని ఊళ్లలోనూ ఉండేవే. మన తాలూకాకు మాత్రం వేరే చిక్కు ఒకటుంది. అది భాష.

మూడు పక్కలా ఆంధ్ర పొలిమేర ఉన్న ఊళ్లు మనవి. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు కన్నడ. ఇంట్లో ఉన్న బైబిలు తెలుగుది, బిడ్డకు చదవను వచ్చేది కన్నడ. అందుకే మన పిల్లల్లో చాలామందికి భక్తి చెవిలో పడి వచ్చింది. అవ్వ పాడే కీర్తన, నైట్ షిఫ్టు దిగి వచ్చిన నాయన చేసే ప్రార్థన, అయ్యగారి ప్రసంగం, ఇవన్నీ విని నేర్చుకున్నవే. ఇల్లు విడిస్తే ఆ గొంతులు వినబడవు. పెట్టెలో ఉన్న బైబిలు చదవలేడు. కొత్త ఊరి గుడిలో కన్నడ పాటలు తెలియక వెనక బెంచీలో సిగ్గుపడి కూర్చుంటాడు, నాలుగు వారాలకు మానేస్తాడు. "బిడ్డ విశ్వాసం పోయింది" అని మనం ఏడుస్తాం. చాలాసార్లు పోయింది విశ్వాసం కాదు, దాన్ని పలికే మాట.

దీనికి ఇంటి దగ్గరే చేయగలిగిన పనులు ఉన్నాయి. సెలవుల్లో రోజుకు అరగంట తెలుగు అక్షరాలు దిద్దించండి. కన్నడ చదివేవాళ్లకు ఇది బరువు కాదు. గ, న, ర, ల, డ రెండు లిపుల్లోనూ దాదాపు ఒకటే. క, త లాంటివి కొంచెం తేడా. మార్కు సువార్తలో ఉండేది 16 అధ్యాయాలే. అక్షరాలు పట్టుబడినాక దానితో మొదలుపెట్టించండి.

రెండోది, చేతికి ఒక కన్నడ బైబిలు కూడా ఇవ్వండి. "మనది తెలుగు కదా" అనుకోవద్దు. కన్నడ బైబిలు తయారైంది తెలుగు, కన్నడ కలిసిపోయిన బళ్లారిలోనే. లండన్ మిషన్‌కు చెందిన జాన్ హ్యాండ్స్ 1810లో అక్కడికి చేరి ఆ పని మొదలుపెట్టినాడు. 1831 నాటికి పూర్తి బైబిలు అచ్చయింది.

తుమకూరు కన్నడ గుడి కూడా మనకు పరాయిది కాదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సి.ఎస్.ఐ. ఏర్పడినప్పుడు, అనంతపురం వైపు లండన్ మిషన్ సంఘాలు, మైసూరు రాజ్యంలోని వెస్లియన్ మిషన్ సంఘాలు ఒకటే సంఘమైనాయి. వేరే సంఘాల కుటుంబాలు కూడా పిల్లోడు పోకముందే అక్కడి పాస్టరుగారితో ఒక మాట చెప్పించుకుంటే మేలు. కాలేజీల్లో విద్యార్థుల కూడికలు ఉంటాయి. స్టూడెంట్ క్రిస్టియన్ మూవ్‌మెంట్ 1912 నుంచి, యు.ఇ.ఎస్.ఐ. 1954 నుంచి ఈ పని చేస్తున్నాయి.

భాష మారితే భక్తి చెడదు. దోర్నకల్ బిషప్ అజరయ్యగారు 1874లో తిరునెల్వేలి సీమలో తమిళ ఇంట్లో పుట్టినారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివినారు. 1909లో దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకుని, తెలుగువాళ్ల మధ్యే సేవ చేసినారు.

ఫోను చేసినప్పుడు మొదటి మాటే "గుడికి పోయినావా?" అని నిలదీయొద్దు. "బువ్వ తిన్నావా నాయనా?" అని అడగండి. షిఫ్టు లేని పూట చూసుకుని, వారానికి ఒకసారి ఫోనులోనే కలిసి ప్రార్థన చేయండి. మీరు తెలుగులో చేయండి, బిడ్డ కన్నడలో చేస్తే చేయనీయండి. ఏదైనా సందేహం అడిగితే కోపం చేయకుండా వినండి. ఇంట్లో అడగను వీలున్న బిడ్డ, దూరంలో ఉన్నా ఇంటివాడిగానే ఉంటాడు.