మూలములో లేని శశిరేఖ

వ్యాసభారతమున బలరామునకు శశిరేఖ యను కుమార్తె లేదు. అభిమన్యుడు పెండ్లాడినది విరాటరాజపుత్రియైన ఉత్తరను. ఆ వివాహము అజ్ఞాతవాసము ముగిసిన పిమ్మట ఉపప్లావ్యమున జరిగినది. కవిత్రయమువారి భారతమునందును శశిరేఖ ప్రసక్తి లేదు. ఐనను తెలుగువారిలో ఆమె పేరు ఎరుగనివారు అరుదు. భారతమున ఒక్క పద్యమైనను చదువని యింట సైతము శశిరేఖాభిమన్యుల కథ తెలియును. ఘటోత్కచుడు మాయాశశిరేఖయై లక్ష్మణకుమారుని పెండ్లిపీటల మీద అల్లాడించిన వైనమును పిల్లలు కూడ చెప్పగలరు. తెలుగునేల దాటినచో ఆమె పేరు మారును గాని కథ మారదు. తమిళమున ఆమె వత్సల. మహారాష్ట్రమున సురేఖ యనియు, వత్సల యనియు పిలుతురు. 1921లో కొల్హాపురమున బాబూరావు పెయింటరు తీసిన 'సురేఖాహరణ్' అను మూగచిత్రమునకు ఈ కన్యయే నాయిక.

మూలమున లేని యీ పాత్రను అప్రామాణికమని త్రోసివేయవలెనా? జనము మెచ్చినది గనుక ఇదియు భారతమే యనవలెనా? పలువురు పలుకాలములందు పెంచుచు వచ్చిన ఏ కథాలోకమునకైనను ఈ చిక్కు తప్పదు. ఏది ప్రమాణమన్నది మొదటి ప్రశ్న. ఒక కథ చెప్పినదానికి మరియొక కథ అడ్డు వచ్చినపుడు, అనగా పూర్వాపరసంగతి చెడినపుడు, నష్టమెంత యన్నది రెండవది.

పాశ్చాత్యులలో ఈ చర్చ పరిహాసముగా మొదలైనది. 'కానన్' అనునది క్రైస్తవాచార్యులు తమ పవిత్రగ్రంథములలో ప్రామాణికములైనవానిని ఏర్పరచుటకు వాడిన మాట. 1911లో ఆక్స్‌ఫర్డున రోనాల్డు నాక్సు అను విద్వాంసుడు ఆ గ్రంథములను శోధించు పండితుల ఫక్కిని అనుకరించుచు షెర్లాక్ హోమ్సు కథలపై ఒక వ్యాసము చదివెను. ఆ వేడుక పిదప స్థిరపడినది. కోనన్ డాయిలు వ్రాసిన 4 నవలలు, 56 చిన్నకథలు కలిసి 'కానన్' అయినవి. ఈ 60 రచనలలో పొరపాట్లు లేకపోలేదు. 1887 నాటి మొదటి నవలలో డాక్టరు వాట్సనుకు తుపాకిగుండు తగిలినది భుజమునకు; 1890 నాటి రెండవ నవలలో కాలికి. ఒక కథలో ఆయన భార్యయే ఆయనను జాన్ అనుటకు మారుగా జేమ్సు అని పిలిచినది. డాయిలు వీనిని లెక్కచేయలేదు. అభిమానులు మాత్రము గుండు భుజమునుండి కాలికి ఎట్లు పోయెనో నిరూపించుటకు వ్యాసములు వ్రాసిరి. హోమ్సు కథలపై ప్రీతి ఇందువలన తగ్గలేదు సరికదా హెచ్చినది.

ఇటీవలి కాలమున ఆ వేడుక వ్యాపారమైనది. 1977లో మొదలైన 'స్టార్ వార్స్' చిత్రముల చుట్టును వందలకొలది నవలలు, బొమ్మలకథలు అల్లుకొన్నవి. వానిని నిర్మించిన సంస్థ 2012లో డిస్నీ కంపెనీ చేతికి పోయినది. 2014 ఏప్రిలులో అప్పటివరకు వచ్చిన ఆ నవలలు ఇకమీదట ప్రమాణములు కావనియు, కేవలము 'లెజెండ్స్' అను పేర నిలుచుననియు ఆ సంస్థ ప్రకటించినది. ఏండ్ల తరబడి వానిని చదివి నిజమని తలచిన పాఠకులు ఒక ప్రకటనతో నిజము కానివానిని చదివినవారైరి. ఇచ్చట ప్రమాణమనగా యజమాని ముద్ర.

భారతమునకు యజమాని లేడు. అందుచేత ఎవరును ప్రకటనతో శశిరేఖను తీసివేయజాలరు. మూలనిర్ణయమునకు మహాప్రయత్నము జరుగకపోలేదు. పుణెలోని భండార్కరు ప్రాచ్యపరిశోధన సంస్థ 1919లో పూనుకొని, 1925 నుండి సుక్తంకరు పండితుని సంపాదకత్వమున సాగించి, 1966 నాటికి భారతమునకు సంశోధితప్రతిని 19 సంపుటములలో ముగించినది. అందుకై పరిశీలించిన వ్రాతప్రతులు 1,259. వానిలో తెలుగు లిపిలోనివియు కలవు. తంజావూరు సరస్వతీమహలు గ్రంథాలయము వానిలో కొన్నింటి నెలవు. ఆ సంపాదకులు ఎక్కువ ప్రతులలో కానరాని భాగములను అనుబంధములకు పంపిరి. వ్యాసుడు చెప్పగా విఘ్నేశ్వరుడు వ్రాసెనను ప్రసిద్ధకథ కూడ అట్లే అనుబంధమునకు పోయినది. కాని భారతమును చెప్పుకొనువారు వినాయకుని ఘంటమును లాగికొనలేదు. పండితుని ప్రమాణము ఏది ప్రాచీనమో తెలుపును. జనుల నోటిలో ఏది నిలువవలెనో అది తెలుపజాలదు.

అట్లయిన జనులకు ప్రమాణదృష్టియే లేదా? ఉన్నది. శశిరేఖ కథ ఎచ్చట నాటబడినదో చూచినచో అది తేటపడును. ద్యూతానంతరము పాండవులు అడవికి పోగా, కృష్ణుడు సుభద్రను, అభిమన్యుని ద్వారకకు తోడ్కొని పోయెనని వ్యాసుడే చెప్పినాడు. ఆ తరువాత ఆ బాలుడు పెరిగిన ఏండ్లలో ఏమి జరిగెనో మూలము అంతగా పట్టించుకొనదు. అది ఖాళీగా నున్న జాగా. కథకుడు ఆ జాగాలోనే పందిరి వేసినాడు. పాండవుల కుటీరములను కదలింపలేదు. 1957లో కె. వి. రెడ్డి దర్శకత్వమున విజయా సంస్థ తీసిన 'మాయాబజారు'లో పాండవులు తెరపై ఒకసారియైనను కానరారు. నిడివి తగ్గించుటకే అట్లు చేసిరేమో! ఏమైనను, తెలిసిన కథకు చేయి తగులకుండ కొత్తకథ నడచినది.

కథాబీజము సైతము కొత్తది కాదు. అర్జునుడు సుభద్రను హరించినపుడు బలరాముడు మండిపడుటయు, కృష్ణుడు అన్నను శాంతింపజేయుటయు ఆదిపర్వమున కలవు. సుభద్రను దుర్యోధనునకు ఇయ్యవలెనని బలరాముడు తలచెనని భాగవతము. తల్లి పెండ్లిలో నడచిన తగవే కొడుకు పెండ్లిలోను నడచినది. దుర్యోధనునకు గదావిద్య గరపిన బలరాముడు శిష్యుని పక్షము వహించుట, కృష్ణుడు తెరచాటున మేనల్లునకు తోడుపడుట, ఘటోత్కచుడు పెద్దలు తలచినంతనే వచ్చి నిలుచుట, ఇవన్నియు మూలమిచ్చిన స్వభావములే. సంఘటన కల్పితము, అందలి మనుష్యులు పాతవారు. ప్రేక్షకుడు పరీక్షించునది ఈ మనుష్యులనే.

లెక్కలను అతడు పరీక్షింపడు. అభిమన్యుడు భూమిపై 16 ఏండ్లే యుండునని ఆదిపర్వము. వనవాసాజ్ఞాతవాసములు 13 ఏండ్లు. ఆ లెక్కను జూదము నాటికి అతడు మూడేండ్ల బిడ్డ. చిత్రమునందు జూదపు వార్త వచ్చునప్పటికే అతడు శశిరేఖతో వెన్నెలలో విహరించు యువకుడు! ఇది వాట్సను గాయము కంటె ఎంతయో పెద్ద పొరపాటు. ఇంతవరకు ఏ ప్రేక్షకుడును దీనికై లేచిపోయినట్లు లేదు. అదే చిత్రములో కృష్ణుడు పాండవులను వంచించినట్లో, ఘటోత్కచుడు కౌరవుల విందుకు లొంగినట్లో చూపియుండినచో మొదటి ఆటయే కడపటి ఆటయై యుండెడిది.

గయోపాఖ్యానము ఇంకను తెగువగల కల్పన. ఆకాశమున పోవు గయుడను గంధర్వుని ఉమ్మి కృష్ణుని దోసిటిలో పడినది. కృష్ణుడు వాని తల దీయుదునని శపథము చేసెను. సంగతి తెలియక అర్జునుడు వానికి అభయమిచ్చెను. ఇక బావమరదులకు యుద్ధము. మూలమున లేని యీ కథను చిలకమర్తి లక్ష్మీనరసింహము గారు నాటకముగా వ్రాయగా అది ఆంధ్రదేశమంతట ఆడినది. 1963లో 'శ్రీకృష్ణార్జునయుద్ధము'గా తెర కెక్కినది. నరనారాయణులు ఒకరిపై నొకరు అస్త్రములెత్తుట కంటె పూర్వాపరవిరుద్ధ మేమున్నది? కాని ఆ యుద్ధము శివుడు అడ్డుపడుటతో ఆగును, గయుడు బ్రతుకును, బావమరదులు కౌగిలించుకొందురు. కురుక్షేత్రమున పగ్గములు పట్టవలసిన కృష్ణుడు యథాస్థానమునకు వచ్చినాడు. అరువు తెచ్చుకొన్న వస్తువును చెక్కుచెదరకుండ తిరిగి యిచ్చిన తీరున, ఈ కల్పన పాత్రలను తాను తీసికొన్న స్థితిలోనే మూలమునకు అప్పగించినది. జనరంజకమైన పౌరాణిక కల్పనలు పెక్కు ఈ మర్యాదను పాటించినవే.

పూర్వాపరసంగతిని ఇంతకంటె నిష్ఠతో కాపాడిన మహాకవి యొకడు తెలుగున కలడు. నన్నయ అరణ్యపర్వము చతుర్థాశ్వాసమున ఆగిపోయెను. తిక్కన విరాటపర్వమున మొదలిడెను. నడుమ మిగిలిన భాగమును, నన్నయకు దాదాపు మూడువందల యేండ్ల పిమ్మట, ఎఱ్ఱన పూరించెను. అతడు తన ప్రభువైన వేమారెడ్డి కంకితమీయక, ఎన్నడో గతించిన రాజరాజనరేంద్రునకే ఆశ్వాసములు అంకితము చేసెను. నన్నయ శైలితో ఎత్తుకొని క్రమముగా తిక్కన శైలిలోనికి దింపెనని విమర్శకులు మెచ్చుకొనిరి. అతుకు కనబడరాదని తన పేరునే మరుగుపరచుకొన్న పని యిది. అట్టి వినయము అందరికి తగునని చెప్పరాదు. శశిరేఖను కల్పించినవాడు ఎఱ్ఱనవలె తలచియుండినచో ఆమె పుట్టియే యుండెడిది కాదు.

కావున కల్పన నేరము కాదు. ఐనను మూలము మరువరానిదని చెప్పుటకు మయసభ చాలును. సంశోధితప్రతి సభాపర్వమున దుర్యోధనుడు నేల యని భ్రమించి నీటిలో పడినపుడు భీమార్జునులు, కవలలు, సేవకులు నవ్విరని వైశంపాయనుని కథనము. అందు ద్రౌపది లేదు. తరువాత దుర్యోధనుడు తండ్రి యొద్ద మొరపెట్టుకొనునపుడు మాత్రము ద్రౌపది తన చెలులతో నవ్వెనని చెప్పును. అనగా అది కథకుని సాక్ష్యము కాదు, అసూయచే ఉడుకుచున్న వాది ఫిర్యాదు. రంగస్థలముల మీదను, 1977 నాటి 'దానవీరశూరకర్ణ' వంటి చిత్రములందును ఆ నవ్వు కన్నులయెదుటనే నవ్వబడినది. దుర్యోధనుని క్రోధమునకు అదియే ఆయువుపట్టు అయినది. రక్తి కట్టిన దృశ్యమే! కాని ఒక ఆడుదాని నవ్వువలన వంశము మండెనను నానుడి ఇట్టి దృశ్యముల నుండియే బలము పుంజుకొన్నది. జూదమాడినవారి తప్పు, సభలో తలవంచుకొన్న పెద్దల తప్పు, కొంత ఆమె పాలికి బదలాయింపబడినవి. శశిరేఖ పుట్టుటచే ఎవరిమీదను నింద పడలేదు. ఈ నవ్వు అట్టిది కాదు. ఎవరి మాట ఎవరి నోట పెట్టబడినదో తెలిసికొనుటకు మూలమొక్కటే ఆధారము. సుక్తంకరు వంటివారి శ్రమ అక్కరకు వచ్చునది ఇచ్చటనే.

శశిరేఖ కథలో మూలమునకు సరిపడక మిగిలిన చిక్కు ఒక్కటి కలదు. అది లెక్కలకు చెందినది కాదు. యుద్ధము ముగిసిన పిమ్మట స్త్రీపర్వమున గాంధారి రణభూమిని కృష్ణునకు చూపుచు, అభిమన్యుని తల ఒడిలో నిడుకొని విలపించు ఉత్తరను చూపును. తమ కాపురము ఆరునెలలే యని ఆ బాలిక పలవించును. ఆమె గర్భమున నున్నవాడే పరీక్షిత్తు. వంశము నిలిచినది అతనివలననే. ఆ శవము చెంత మరియొక భార్యకు వ్యాసుడు చోటుంచలేదు. మాయాబజారు కట్టినవారు ఈ సంగతి ఎరుగనివారు కారు. చూచువారికిని పద్మవ్యూహము తెలియును. లక్ష్మణకుమారుడు సైతము అదే దినమున అభిమన్యుని చేతనే కూలునని తెలిసినవారు కొందరుందురు. కల్పించినవారు కథను పెండ్లిపందిరి వద్దనే ఆపిరి. శశిరేఖ కురుక్షేత్రమునకు రాలేదు. మరాఠీ మూలముగల సురభి కుటుంబములవారు తరతరములుగా తెలుగున ఆడుచున్న 'మాయాబజార్' నాటకమునందును ఘటోత్కచుని మాయ ఫలించి వధూవరులు ఒక్కటగుటతో తెర పడును.