తారురోడ్డు సహనము

రాణి మంగమ్మ 17వ శతాబ్ది చివర మధురను పాలించిన దినములలో వేయించిన బాటలను గూర్చి ఈ సీమలోని తెలుగువారును, తమిళులును నేటికిని గౌరవముతో చెప్పుకొందురు. ఆ బాటలు ఎడ్లబండ్లకు. నేటి తారురోడ్లు బస్సులకును లారీలకును. మధురలోగాని కోయంబత్తూరులోగాని బస్సులు ఆగు చోటును ఒకసారి పరికింపుడు. బస్సు పరుగిడు చోట నున్నగా నున్న రోడ్డే, అది నిలుచు చోట రెండు గాడులుగా కుంగియుండుట తరచు కాననగును. వాన కురిసిన దినమున ఆ గాడులలో నీరు నిలుచును. మన పిల్లల సైకిళ్లు జారునది అచ్చటనే. రోడ్డు ఒక్కటే, బస్సు ఒక్కటే. మరి ఈ భేదమేల?

కారణము తారు స్వభావముననే కలదు. మనము వాడుకలో తారు అనునది నిజమునకు ముడిచమురును శుద్ధిచేయగా మిగులు బిట్యుమెన్. ఇది పూర్తిగా ఘనము కాదు, పూర్తిగా ద్రవమును కాదు. పరోటా పిండిముద్దను వ్రేలితో తటాలున నొక్కి విడిచినచో కొంతవరకు పైకి లేచును. దానిపై బరువుంచి కొంతసేపు విడిచినచో అణగిపోయి మరల లేవదు. మొదటి గుణము స్థితిస్థాపకత. మెల్లగా సాగిపోవు రెండవ గుణము స్నిగ్ధప్రవాహము. ఈ రెండును బిట్యుమెన్‌లో కలిసియున్నవి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయమున 1927లో పార్నెల్ అను ఆచార్యుడు ఇట్టి జాతికే చెందిన నల్లని పదార్థమును గరాటులో నింపియుంచెను. సుత్తితో కొట్టిన పగిలిపోవు ఆ పదార్థము, గరాటు అడుగు తెరచిన 1930 మొదలు 2014 వరకు తొమ్మిది చుక్కలు మాత్రము రాల్చెను!

గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు చక్రము రోడ్డుమీది ఒక్కొక్క తావును సెకనులో 50వ వంతు కంటె తక్కువకాలమే త్రొక్కును. అంతలో తారు సాగుటకు వ్యవధి లేదు. కుంగి వెంటనే లేచును. అదే బస్సు ఒక నిమిషము నిలిచినచో ఆ బరువు 3,000 రెట్లకు పైగా కాలము మోపబడును. ఎండ దీనికి తోడగును. వేసవిలో నల్లని రోడ్డు 60 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాగి మెత్తబడును. ఇక బరువు మాట. అమెరికాలో 1958 నుండి 1960 వరకు జరిగిన గొప్ప రోడ్డు పరీక్షలో తేలినదేమనగా, ఇరుసుపై బరువు రెండింతలైనచో రోడ్డునకు కలుగు హాని రెండింతలు కాదు, దాదాపు 16 ఇంతలు.

బరువును ముఖ్యముగా మోయునది కంకర. దానిని పట్టియుంచునది తారు. సామాన్యపు రోడ్డు మిశ్రమమున నూటికి 3 నుండి 5 వంతులు ఖాళీ ఉంచెదరు. కొన్ని దేశములలో నూటికి సుమారు 20 వంతులు ఖాళీగల రంధ్రమయమైన తారురోడ్లు వేయుదురు. వాననీరు వానిపై నిలువక లోనికి ఇంకి తొలగిపోవును. కాని గాలియు నీరును చొచ్చుటచే తారు త్వరగా పెళుసగును. దుమ్ము రంధ్రములను పూడ్చును. నిలిచిన బరువు క్రింద అవి మూసికొనును. కావున రాతికిని తారుకును గల పట్టు బలముగా నున్నగాని ఇట్టి రోడ్డు మన్నదు. సామాన్యపు రోడ్డునకును ఆ పట్టే ప్రాణము.

ఆ పట్టును పెంచు ఉపాయమొకటి మన మధురలోనే రూపొందినది. త్యాగరాజర్ ఇంజనీరింగు కళాశాలలో రసాయనశాస్త్రాచార్యులుగా నుండిన ఆర్. వాసుదేవన్ గారు, పారవేసిన ప్లాస్టిక్ సంచులను ముక్కలుచేసి, సుమారు 170 డిగ్రీలకు కాచిన కంకరపై చల్లు పద్ధతిని కనిపెట్టిరి. ప్లాస్టిక్ మెత్తబడి రాతికి పలుచని పూతగా అంటుకొనును. రాతిలోని సన్నని రంధ్రములు పూడి నీరు చొరదు. పిమ్మట కలిపిన బిట్యుమెన్ గట్టిగా పట్టుకొనును. ఎండకు సాగుటయు తగ్గును. 2002లో ఆ కళాశాల ఆవరణలోనే ఇట్టి రోడ్డు వేయబడెను. 2006లో పేటెంటు లభించెను. 2018లో భారత ప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో గౌరవించెను. అయితే పి.వి.సి. రకము ప్లాస్టిక్‌ను కాచినచో విషవాయువు వెలువడును గాన దానిని వాడరాదు. పునాది బలహీనమైనను, నీరుపోవు కాలువ లేకున్నను ఏ పూతయు రోడ్డును కాపాడజాలదు.

తలిదండ్రులారా! ఇందు మనము చేయదగినది స్వల్పమే. ఇంటిలో ప్లాస్టిక్ సంచులను తడిచెత్తతో కలుపక వేరుగా ఉంచుడు. మురికి పట్టిన సంచి రాతికి పూతగా పనికిరాదు. బస్సుకొరకు నిలిచినప్పుడు ఆ గాడులను పిల్లలకు చూపి, ఇవి ఇచ్చటనే ఏల ఏర్పడినవని తెలుగున అడుగుడు. స్నిగ్ధత, స్థితిస్థాపకత అను మాటలు పుస్తకమున వల్లించినప్పటికంటె కాలిక్రింది రోడ్డును చూచి నేర్చినప్పుడు బాగుగా మనసున నాటును. మన భాష పండుగలకును పెండ్లిండ్లకును మాత్రమే పరిమితము కారాదు. బిడ్డ అడిగిన శాస్త్రప్రశ్నకు ఇంటిలో తెలుగున సమాధానము దొరకినప్పుడే అది ఈ సీమలో కలకాలము నిలుచును.