టైగర్ ఎందుకు గుర్రుమంది?

రా బుజ్జీ, ఇలా నా పక్కన కూర్చో. పొద్దున మన కుక్క టైగర్ గుర్రుమందని ఏడ్చావు. మీ నాన్న చెప్పు తీస్తే నేనే ఆపాను. ఎందుకో చెబుతా విను.

అప్పుడు అది పెరుగన్నం తింటోంది. నువ్వెళ్లి గిన్నె జరపబోయావు. 'ఇది నా తిండి, దగ్గరికి రాకు' అని చెప్పడానికి దానికి మాటలు రావు కదా! కరవాల్సిన అవసరం రాకూడదనే ముందుగా గుర్రుమంది. కోపం లోపలే పెట్టుకున్న మనిషిని మనమూ 'గుర్రుగా ఉన్నాడు' అనే అంటాం.

కొన్ని కుక్కల గుర్రు ఎందుకు లోతుగా ఉంటుందో తెలియాలంటే, చెంబులో నోరు పెట్టి 'ఊ' అను, తర్వాత బిందెలో అను. బిందెలో గొంతు బొంగురుగా మోగుతుంది. పెద్ద కుక్కకు గొంతు గొట్టం పొడవు, అందుకే దాని గుర్రు లోతుగా ఉంటుంది.

హంగరీలోని బుడాపెస్ట్‌లో గుర్రులన్నిటికీ ఒకే అర్థమా అని 2010లో ఒక చక్కని ప్రయోగం చేశారు. ఎముక దగ్గరికి వెళ్లే కుక్కకు, దాచిపెట్టిన స్పీకర్‌లోంచి వేరే కుక్కల గుర్రులు వినిపించారు. ఎముకను కాచుకునే కుక్క గుర్రు వినగానే ఎక్కువ కుక్కలు వెనక్కి తగ్గాయి. కొత్త మనిషిని బెదిరించిన గుర్రుకు అంతగా తగ్గలేదు. 2017లో 40 మంది మనుషులకూ వినిపించి, ఆటా, తిండి కాపలానా, బెదిరింపా అని అడిగారు. నూటికి 63 సార్లు సరిగ్గా చెప్పారు. ఆట గుర్రునైతే 81 సార్లు! మగవాళ్లకన్నా ఆడవాళ్లే బాగా పోల్చారు. మీ నానమ్మ వంటింట్లోంచే 'అది ఆడుకుంటోందిలే' అంటుంది చూడు.

తార్నాక నుంచి ఉస్మానియా క్యాంపస్‌లోకి నడకకు వెళ్తాం కదా. ఆర్ట్స్ కాలేజీ ముందు రెండు కుర్ర కుక్కలు ముందుకాళ్లు వంచి, వెనక భాగం పైకెత్తి, పొట్టి పొట్టిగా గుర్రుమంటూ దొర్లుతుంటాయి. అది ఆట. చెట్టు కింద పిల్లలతో ఉన్న తల్లి కుక్క అలా కాదు. ఒళ్లు బిగుస్తుంది, పెదవి లేస్తుంది, చూపు కదలదు, గుర్రు సాగుతుంది. అక్కడ పరుగెత్తకు, దాని కళ్లలోకి చూడకు. చేతులు కిందికి దించి, మెల్లగా పక్కకు తప్పుకో.

గుర్రుమన్నందుకు కొడితే దాని భయం పోదు, చెప్పడం మాత్రం మానేస్తుంది. అలాంటి కుక్క ఒకనాడు చప్పుడు చేయకుండానే కరవొచ్చు. అందుకే నాన్నను ఆపాను. ఎన్నడూ గుర్రుమనని కుక్క, ముట్టుకోగానే గుర్రుమంటే చెవిలోనో కీళ్లలోనో నొప్పి ఉండొచ్చు, పశువుల డాక్టర్‌కు చూపించాలి.

ఎప్పుడైనా కుక్క కరిస్తే, పంటి గీత పడినా సరే, కారం, సున్నం పూయనివ్వకు. సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రి మనకు దగ్గరే, వెంటనే అక్కడికి వెళ్లాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం, టీకా ముందే పడాలి. తిడతారని దాచకు బుజ్జీ, ఆ క్షణమే ఇంట్లో చెప్పు.